ఇంట్లో ఇంకెవరూ లేరు

శుభవార్త వచ్చేసరికి నా మొహం సగం నురగ, సగం గడ్డం.

ఫోన్ టింగుమంది. చదివాను. నమ్మకం కుదరక మళ్లీ చదివాను. రేజర్ చేతిలో ఉండగానే హాల్లోకి పరిగెత్తాను.

"వచ్చేసింది! క్రెడిట్ కార్డు ఇస్తారట! అప్రూవ్ చేసేశారు!"

మా ఆవిడ ఇస్త్రీ బల్ల ముందు ఉంది. 'మా ఆవిడ' అన్నప్పుడల్లా నా చెవులు ఇంకా వేడెక్కుతాయి, పెళ్లయి ఐదు నెలలేగా! ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తను ఇస్త్రీపెట్టె నిలబెట్టి, నా వైపు తిరిగి, కళ్లు చిన్నవి చేసింది.

"ఎందుకిచ్చారు?"

"ఎందుకేంటి? మంచివాణ్ణి కాబట్టి."

"ఇంతకుముందు ఐదు బ్యాంకులు కాదన్నాయిగా. అప్పుడు చెడ్డవారా? ఈసారి ఏం మార్చారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను నురగ చెంప తడుముకున్నాను.

"ఏమీ మార్చలేదు."

"ఊఁ" అంది తను. ఆ 'ఊఁ' లో ఒక కోర్టు, ఇద్దరు లాయర్లు ఉన్నారు.

తప్పు తనది కాదు, ఉద్యోగానిది. మా వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో పొద్దుటిపూట పనిచేస్తుంది. వచ్చిన బట్టల జేబులు వెతకడం, మరకలన్నీ చీటీ మీద రాసి కోటుకి గుచ్చడం తన పని. ఎవరి లోపలి జేబులో ఇద్దరి భోజనం బిల్లు ఉందో, ఎవరి కాలరు మీద లిప్‌స్టిక్ ఉందో చూసి చూసి, మూడు నెలల్లో మగజాతి మీద ఒక అభిప్రాయానికి వచ్చేసింది. నేను ముద్దుగా ఇన్‌స్పెక్టర్ అంటాను. నేను డెంటల్ ల్యాబ్‌లో కట్టుడుపళ్లు చేస్తాను కాబట్టి, తను నన్ను పళ్లాయనా అంటుంది.

ఈ దేశంలో పరాయివాడికి క్రెడిట్ కార్డు దొరకడం అంత తేలిక కాదు. ఉద్యోగం, జీతం, విదేశీయుల గుర్తింపు కార్డు అన్నీ ఉంటాయి. బ్యాంకువాళ్లు అన్నీ చూసి, 'కారణం చెప్పలేము, క్షమించండి' అని చక్కటి కాగితం మీద ఉత్తరం పంపుతారు. కార్డు లేకపోతే సముద్రపొడ్డు హోటళ్లలో గది ఇవ్వరు. పెళ్లి కుదిరిన వారంలోనే ఫోన్లో మాటిచ్చేశాను, "నువ్వు రాగానే సముద్రం చూపిస్తా. కిటికీ తెరిస్తే అలలే!" అని. తను పుట్టాక సముద్రం చూసిందే లేదు. వచ్చి మూడు నెలలైంది. కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ల ఏసీ డబ్బా.

ఈసారి ఏం మార్చానో మీకు చెప్పేస్తాను. తనకి మాత్రం చెప్పలేదు.

పార్సిల్ వ్యాన్ నడిపే మా తెలుగన్న ఒకాయన ఉన్నాడు. తెలియని సంగతి లేదు కాబట్టి ఆయన్ని సర్వజ్ఞుడంటాం. మూడు వారాల క్రితం నా ఫారం లాక్కుని చూశాడు.

"ఒరేయ్ తమ్ముడూ, 'ఇంట్లో ఇంకెవరుంటారు' అన్నచోట ఎవరూ లేరని రాయి. పెళ్లాం ఉందంటే ఖర్చు మనిషని మార్కులు తగ్గిస్తారు."

"అబద్ధం కదన్నా?"

"ఫారంలో రాస్తే అబద్ధం కాదురా, ఫార్మాలిటీ!"

రాసేశాను. ఆ సాయంత్రం తను పక్కగదిలో కూనిరాగం తీస్తూ నా చొక్కాకి గుండీ కుడుతోంది. నేను ఇక్కడ 'ఇంట్లో ఇంకెవరూ లేరు' అని రాస్తున్నాను.

అప్రూవ్ చేశామన్న ఆ మెసేజ్‌లోనే చివర ఇంకో వాక్యం ఉంది. 'వివరాలు సరిచూసుకోవడానికి రెండు రోజుల్లో ఫోన్ చేస్తాము. ఆ తర్వాతే కార్డు పంపుతాము.'

అది చదివి, కొత్త పెళ్లాంతో ఏ మగాడూ అనకూడని మాట అన్నాను.

"నా ఫోన్ మోగితే నువ్వు ఎత్తకు."

తను ఇస్త్రీ బల్ల వైపు తిరిగింది. నా చొక్కా మడత మీద మడత వేసి, అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ చొక్కాకి కాదని చొక్కాకి కూడా తెలుసు.

ఆ రోజంతా వాన. ఫోన్ జేబులో వేసుకునే తిరిగాను. బాత్రూంకి కూడా తీసుకెళ్లాను. సాయంత్రం అది మోగగానే బాల్కనీలోకి దూకి తలుపు వేసుకున్నాను. తీరా చూస్తే సర్వజ్ఞుడు, పార్టీ ఎప్పుడని. జల్లు నా ఎడమవైపంతా తడిపేసింది.

లోపలికొచ్చేసరికి తను టవల్ పట్టుకుని నిలబడి ఉంది. ఇవ్వడానికి కాదు, ప్రశ్నించడానికి.

"ఎవరు?"

"పార్సిల్ అన్న."

"అన్నతో మాట్లాడాలంటే తడవాలా?"

"సిగ్నల్ లేదు."

"హాల్లో మూడు నెలలుగా ఉన్న సిగ్నల్ ఇవాళే పోయిందా?" టవల్ నా నెత్తిన పడేసి, నా చొక్కా జేబులో వేలు పెట్టి చూసింది. "జేబు ఖాళీ."

"అయితే మంచిదేగా!"

"ఖాళీ జేబంతటి అనుమానం ఇంకోటి లేదు. బస్సు టికెట్ ముక్క కూడా లేదంటే, నేను వెతుకుతానని ముందే తెలుసన్నమాట. బ్యాంకు ఫారం కాపీ చూపించండి."

"ల్యాబ్‌లో ఉంది."

"పళ్ల మధ్యనా?"

నవ్వాను. తను నవ్వలేదు. సోఫా అంచున కూర్చుని, గోడ వైపు చూస్తూ, నేనెప్పుడూ విననంత చిన్న గొంతుతో అడిగింది.

"ఇక్కడ ఆరేళ్లు ఒక్కరే ఉన్నారు. నాకు తెలియాల్సిన మనిషి ఎవరైనా ఉన్నారా?"

"ఛఛ! ఎవరూ లేరు. ఒట్టు."

"మరి ఆ ఫోన్?"

అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే ఏమనుకుంటుందోనని భయం. చెప్పకపోతే ఇంకేదో అనుకుంటోందని తెలుసు. కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడి, చివరికి, "రెండు రోజులు నన్ను నమ్ము" అన్నాను.

"షాపుకొచ్చే ప్రతి కోటూ ఆ మాటే అంటుంది" అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ల్యాబ్ నుంచి జుట్టునిండా ప్లాస్టర్ పొడితో వచ్చాను. స్నానానికి వెళ్తూ ప్యాంటు మాసిన బట్టల బుట్టలో పడేశాను. తల మీద నీళ్లు పడ్డాక గుర్తొచ్చింది, ఫోన్ ప్యాంటులోనే ఉండిపోయింది.

బయటికొచ్చేసరికి తను బుట్ట పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్లో ఉంది.

"బ్యాంకు నుంచి. ఒకావిడ" అంది. "చాలా మర్యాదగా మాట్లాడింది. నాకర్థమయ్యేలా నెమ్మదిగా. 'ఆ ఇంట్లో ఆయనొక్కరే ఉంటారని రాశారే, మీరెవరండీ?' అని అడిగింది."

నా కాళ్ల కింద నీళ్లు మడుగు కడుతున్నాయి.

"నువ్వేం చెప్పావు?"

"పనిమనిషినని చెప్పాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఇస్త్రీపెట్టె విసిరినా బాగుండేది.

"కార్డు పోతుందేమోనని" అంది తను, గోటితో ఫోన్ అంచు గీకుతూ. "ఎవరో అమ్మాయి ఉందని రెండు రోజులుగా భయపడి చచ్చాను. ఉందిలెండి. మీరు దాచిపెట్టిన అమ్మాయిని నేనే."

నేను సర్వజ్ఞుడి పేరెత్తలేదు. ఫార్మాలిటీ అనలేదు. తన ఒళ్లోంచి ఫోన్ తీసుకుని, వచ్చిన నంబరుకే తిరిగి చేసి, తనకి వినపడేలా స్పీకర్ పెట్టాను.

"మేడం, మీ ఫారంలో నేను తప్పు రాశాను. మా ఇంట్లో నా భార్య ఉంది. ఇందాక మీతో మాట్లాడింది పనిమనిషి కాదు."

"తెలుసు సార్" అంది బ్యాంకావిడ.

"ఎలా తెలుసు?"

"ఆయనకి ఈ కార్డు చాలా అవసరమండీ, ఎలాగైనా ఇవ్వండని రెండుసార్లు బతిమాలారు. పనిమనుషులు అంతలా బతిమాలరు సార్."

నేను తన వైపు చూశాను. తను హఠాత్తుగా బుట్టలోని బట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"భార్య ఉందంటే ఇవ్వరని ఎవరో చెబితే..."

"ఎవరు చెప్పారు సార్?"

"ఒక అన్నయ్య."

ఆవిడ నిట్టూర్పు స్పీకర్లోంచి స్పష్టంగా వినపడింది. అలాంటి అన్నయ్యలు ఆవిడకి రోజూ తగులుతారు కాబోలు.

"మీ ఒక్కరి గురించి చెప్పకూడదు గానీ, మామూలుగా ఏం జరుగుతుందో చెబుతాను. ఒక బ్యాంకులో దరఖాస్తు పెడితే, ఆ సంగతి ఆర్నెల్లపాటు మిగతా బ్యాంకులకి కనపడుతుంది. వారం వారం ఒక్కో తలుపు తట్టేవాళ్లని చూస్తే ఎవరికైనా అనుమానమే. ఆర్నెల్లు ఊరుకుని అడిగితే ఆ మచ్చ ఉండదు. మీరు ఈమధ్య ఏమైనా ఊరుకున్నారా?"

లెక్కేశాను. ఐదో ఉత్తరం వచ్చిన వారమే పెళ్లి కుదిరింది. తర్వాత ఏడు నెలలు ఒక్క ఫారం ముట్టుకోలేదు.

"ఊరుకున్నానండీ. పెళ్లి పనుల్లో పడి."

"అయితే మీ ఆవిడకి థ్యాంక్స్ చెప్పండి" అంది ఆవిడ. వెంటనే గొంతు ఆఫీసు గొంతైపోయింది. "కానీ రాసింది తప్పే. కార్డు ఆపుతున్నాను. రేపు ఇద్దరూ బ్రాంచికి రండి. గుర్తింపు కార్డులు, పెళ్లి సర్టిఫికెట్ తెచ్చి ఫారం మళ్లీ నింపండి. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో నేను హామీ ఇవ్వలేను."

ఫోన్ పెట్టేశాను. అత్తారింట్లో అడుగుపెట్టిన వేళావిశేషమంటారు పెద్దవాళ్లు. మా ఆవిడ అడుగు పెట్టకముందే, పెళ్లి మాట అనుకున్న రోజు నుంచే మొదలైందన్నమాట! వెళ్లి తన పక్కన నేల మీద కూర్చున్నాను.

"తప్పయిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరని రాసిన చెయ్యి ఇదే. ఏం చేస్తావో చెయ్యి."

తను ఆ చెయ్యి అందుకుని, వేళ్లన్నీ విప్పి, మరక కోసం వెతికినట్టు తిప్పి తిప్పి చూసింది.

"ఏడు నెలలు ఫారం ముట్టుకోలేదా? నిజంగా పెళ్లి పనులేనా, లేక ఇంకేదైనానా?"

"నువ్వే చెప్పు. రోజూ గంటలు గంటలు ఫోన్లో నీతోనేగా! ఫారాలు నింపే తీరికెక్కడిది?"

పెదవులు బిగబట్టింది. లాభం లేకపోయింది. నవ్వొచ్చేసింది.

"సరే. దానికి సాక్షిని నేనే కాబట్టి నమ్ముతున్నాను. మిగతావి విచారణలో ఉన్నాయి."

"రేపు వాళ్లు కాదంటే? సముద్రం..."

"ఇంతకీ ఎంత దూరం ఆ సముద్రం?"

"రైల్లో గంటన్నర."

"గంటన్నరా!" తను నా చెయ్యి వదిలేసి లేచి నిలబడింది. "గంటన్నర దూరానికి గది ఎందుకండీ? కార్డెందుకు? పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చుగా!"

నోరు తెరిచాను. కిటికీ, అలలు, వాగ్దానం, చాలా చెప్పాలనుకున్నాను. ఒక్కటీ నిలబడేలా లేదు.

తను బీరువా తెరిచి రెండు టవళ్లు మంచం మీద పడేసింది. పెళ్లి సర్టిఫికెట్ తీసి వాటి మీద పెట్టింది.

"రేపు ల్యాబ్‌కి సెలవు పెట్టండి. తొమ్మిదిన్నరకి బ్యాంకు. ఫారం నేను నింపుతాను, మీరు సంతకం చేస్తే చాలు. అక్కడి నుంచి నేరుగా స్టేషన్‌కి. వాళ్లు కార్డు ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే, పదకొండింటి రైల్లో మనిద్దరం సముద్రానికి వెళ్తున్నాం."