చెట్టుకున్న ఆకుపచ్చ రిబ్బను

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఏబెల్ ఆడినది సరిగ్గా వారం రోజులు అతికింది.

కంపెనీ పనిమీద ఐర్లండ్ వెళ్ళి, ఇరవై రోజులుండి చోడవరం తిరిగొచ్చిన ఏబెల్, మెర్లిన్‌కి ఒక ఆకుపచ్చ రిబ్బను తెచ్చిచ్చాడు. "డబ్లిన్‌లో కొన్నాను. ఎనిమిది యూరోలు" అన్నాడు.

మెర్లిన్ వడ్డాది స్కూల్లో ఇంగ్లిష్ టీచర్. "రిబ్బనుకి ఎనిమిది యూరోలేటి, పిచ్చా నీకు?" అని తిట్టింది. ఆదివారం చర్చికి మాత్రం దాన్నే జడకి కట్టుకుని వచ్చింది. ఆ ధైర్యంతోనే, పెళ్ళి మాట అడిగేద్దామని, ఆరాధన అయ్యాక ఏబెల్ మెర్లిన్ వాళ్ళింటికి వెళ్ళాడు.

మెర్లిన్ తల్లి జ్ఞానమ్మ టీ ఇచ్చి, "ఆ దేశం ఫోటోలు సూపించు బాబూ" అంది.

ఏబెల్ ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు. పచ్చటి కొండలు, రాళ్ళు పేర్చిన గోడలు, వాటి మధ్య గొర్రెలు, పైకప్పు లేని పాత చర్చి, మనిషిని మించిన రాతి సిలువలు.

"వరి లేదు, సెరకు లేదు. ఇంత పచ్చదనం ఏటి సేసుకుంటారో పాపం" అని జ్ఞానమ్మ జాలిపడింది. మెర్లిన్ తల్లి భుజం మీదుగా చూస్తూ నవ్వింది. ఆ నవ్వు చూస్తూ ఏబెల్ అసలు మాట ఎలా ఎత్తాలా అని వెతుక్కుంటున్నాడు.

జ్ఞానమ్మ వేలు ఒక ఫోటో దగ్గర ఆగింది. పాత చర్చి పక్కన ఒక చెట్టు, కొమ్మకొమ్మకీ గుడ్డపేలికలు.

"ఒసే, నీ జడలో రిబ్బను ఈ సెట్టుకుందేటే?"

ఏబెల్ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

మెర్లిన్ ఫోన్ లాక్కుని ఫోటో పెద్దది చేసింది. చెట్టు పక్కన ఒక బోర్డు ఉంది. చదివి, తల్లికి తెలుగులో చెప్పింది. "జబ్బు చేసినవాళ్ళు కట్టుకున్న గుడ్డలట. గుడ్డ చివికిపోతే జబ్బు పోతుందని నమ్మకమట. విప్పొద్దని రాసేరు."

"వానలో బోర్డు సూడలేదు" అన్నాడు ఏబెల్. "మన చర్చిలో క్రిస్మస్ చెట్టు రిబ్బన్లు పండగయ్యేక అందరం పట్టుకుపోతాం కదా. అలాంటిదే అనుకున్నాను."

"మరి కొన్నానని ఎందుకు సెప్పేవు?" అంది మెర్లిన్.

తప్పు కాదనుకున్నవాడైతే, విప్పేముందు అటూ ఇటూ ఎందుకు చూశాడు? అది గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

"ఎవరిదో అని తెలుసు" అన్నాడు తల దించుకుని. "నీ జడకి బాగుంటాదనిపించి తీసీసేను. నాకే సిగ్గుగా ఉంది మెర్లిన్."

మెర్లిన్ రిబ్బను విప్పి బల్లమీద పెట్టింది. "ఎవరి బాధో తెచ్చి నా తల్లో పెట్టేవు. అక్కడ నువ్వు దిగిన ఇంటావిడకి ఫోన్ సెయ్యి. స్పీకర్ పెట్టు."

ఆవిడ పేరు నోరా. ఆ చెట్టు దగ్గరికి తన కారులో తీసుకెళ్ళింది ఆవిడే. ఏబెల్ నత్తి నత్తిగా, దొంగతనం చేశానని ఇంగ్లిష్‌లో చెప్పాడు.

"పంపించు. నా చేత్తో కడతాను" అంది నోరా. "విప్పినవాడికి ఆ జబ్బు అంటుకుంటుందంటారు మా పల్లెలో. ఒంట్లో బాగానే ఉందా బాబూ?"

అంత తప్పు చేసినవాడి ఆరోగ్యం అడిగేసరికి ఏబెల్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళి మాట ఎత్తకుండానే లేచి వచ్చేశాడు.

మర్నాడు పోస్టాఫీసుకి మెర్లిన్ కూడా వచ్చింది. అతను రాసిన క్షమాపణ ఉత్తరం చదివింది, రిబ్బనుతోపాటు కవర్లో పెట్టింది. పంపినవారి పేరు దగ్గర 'ఏబెల్, మెర్లిన్' అని రాసి, కింద ఏబెల్ వాళ్ళింటి చిరునామా వేసింది.

"తప్పు నాది. నీ పేరెందుకు?"

"పెట్టుకు తిరిగింది నేను కాదేటి?"

"మరి మా ఇంటి అడ్రసు రాసేవేటి?"

మెర్లిన్ తల ఎత్తకుండా కవరు అంటించింది. "ఆవిడ జవాబు రాసి, అది ఇక్కడికి వచ్చేసరికి రెండు నెల్లవుతాది. అప్పటికి నేనెక్కడుంటానో అదే రాసేను. అమ్మని మాత్రం నువ్వే అడగాల."