పదికి రెండు

ఆ ఇంట్లో పొద్దున్నే ఎనిమిదింటికి ఒక తతంగం మొదలవుతుంది. ఏడేళ్ల పిల్ల పాలగ్లాసు సగంలో వదిలేసి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ట్యాబ్ ముందు కూర్చోవాలి. ఎదురుగా లాప్‌టాప్ తెరుచుకుని తండ్రి కూర్చుంటాడు. పిల్లలు తెర మీద ఆడుతూ నేర్చుకునే పాఠాలు తయారుచేసే కంపెనీలో ఆయన పెద్ద తలకాయ. ఆఫీసులో అందరూ ప్రొఫెసర్ అని పిలుస్తారు. అది వెటకారమని ఆయనకు ఇంతవరకూ తట్టలేదు.

ఏ వయసు పిల్లలకు ఏ రంగు నచ్చుతుందో, బొమ్మ ఎన్ని సెకన్లు గెంతితే వాళ్లకు విసుగు పుడుతుందో ఆయన్నే అడగాలి. గుక్క తిప్పుకోకుండా గంటసేపు చెబుతాడు. కూతురి చెప్పుల సైజు అడిగితే మాత్రం భార్య వైపు చూస్తాడు.

ఇంకా బయటికి విడుదల కాని ఒక లెక్కల పాఠాన్ని ఇరవై రోజులుగా కూతురి మీద పరీక్షిస్తున్నాడు. పిల్ల నొక్కిన ప్రతి జవాబూ లాప్‌టాప్‌లో గీతగా పడుతుంది. ఒప్పయితే పచ్చగా, తప్పయితే ఎర్రగా. ఆ రోజూ ఎర్రగీతలే బారులు తీరాయి.

"పదికి రెండు! మొదటివారం ఏడు, తర్వాత నాలుగు, ఇప్పుడు రెండు. నీ కూతురి బుర్ర రోజురోజుకీ అరిగిపోతోంది," అన్నాడు భార్యతో. మార్కులు బాగా వచ్చిన రోజుల్లో ఆ పిల్ల ఆయన కూతురే.

మందుల షాపులో పనిచేసే భార్య డ్యూటీకి బయల్దేరబోతూ ఆగింది. "బడిలో బాగానే చేస్తోంది కదండీ. టీచరు ఎప్పుడూ ఏమీ అనలేదు."

"టీచర్లకేం తెలుసు? ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పెట్టు. దీన్ని వచ్చే ఏడాది కూడా ఇదే తరగతిలో ఉంచమని బడికి రాశాను. తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలట. రేపటికల్లా పై తరగతికి వెళ్లేవాళ్ల జాబితా ఖాయం చేసేస్తారు."

పిల్లని ఎదురుగా పెట్టుకునే అంటున్నాడు ఈ మాటలన్నీ. చెవులు మూసి ఉన్నాయి కదా అని ఆయన ధీమా.

కిటికీ దగ్గర పాత గౌను అంచు కుడుతున్న ఆయన తల్లి సూది ఆపింది. "ఒరేయ్, ముప్పై ఏళ్లు బట్టలు కుట్టాను. చొక్కా బిగుతైతే కుట్లు విప్పి మళ్లీ కుట్టాను గానీ, ఇంత లావున్నావేంటని ఎవర్నీ తిట్టలేదు. నీ పాఠం మీద నీకు అనుమానం రాదేంట్రా?"

"అమ్మా, ఇది కుట్టుమిషను కాదు. దీని వెనక పెద్ద పరిశోధన ఉంది."

"పరిశోధన! ఆ గాడిదబొమ్మ గెంతడానికా?"

ఆయన తల్లితో వాదించడం తన స్థాయికి తక్కువన్నట్టు పెన్ను తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని టేబుల్ మీద పడేసింది.

"నేను పెట్టను. తోటి పిల్లలంతా పైకి వెళ్తుంటే ఇదొక్కతే అదే గదిలో కూర్చోవాలా? రేపు దాన్ని అందరూ మొద్దు అంటారు."

"నీకు అర్థం కాదులే. మందు చీటీలు చదివేదానివి, పిల్లల చదువుల గురించి నీకేం తెలుసు?"

ఆమె మొహం ఎర్రబడింది. పెళ్లయి పదేళ్లలో ఈ మాట వినడం ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు.

"చీటీలో ఒక్క అక్షరం అర్థం కాకపోతే డాక్టరుకి ఫోన్ చేసి అడుగుతామండీ. ఊహించి మందివ్వం. మీరు ఇరవై రోజుల్లో ఒక్కసారైనా దాన్ని అడిగారా, ఎందుకమ్మా తప్పు నొక్కుతున్నావని?"

"పరీక్ష జరిగేటప్పుడు పిల్లల్ని పలకరించకూడదు. అది పద్ధతి."

ఆమె విసురుగా వెళ్లి పిల్ల తల మీంచి హెడ్‌ఫోన్స్ తీసి, వైరు కూడా పీకేసింది. "పిచ్చుకా, ఐదూ మూడూ ఎంతే?"

"ఎనిమిది."

"తొమ్మిదిలోంచి నాలుగు తీసేస్తే?"

"ఐదు."

"నోటితో ఎవరైనా చెబుతారు, తెర మీద చెయ్యమను," అన్నాడు ఆయన.

ఐదూ మూడూ లెక్కే తెర మీదకు తెచ్చింది భార్య. జవాబులున్న మూడు బుడగలు తేలాయి. పిల్ల వేలు ఎనిమిది దాకా వెళ్లి ఆగింది. తండ్రి వైపు ఓసారి చూసింది. ఆయన లాప్‌టాప్‌లోకి చూస్తున్నాడు. పిల్ల ఏడు నొక్కింది.

"చూశారా!" అన్నాడాయన, గెలిచినట్టు.

అంతలో ట్యాబ్‌లోంచి ఒక గొంతు గదంతా వినిపించింది. "అయ్యో, పర్లేదు తల్లీ. తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నాగా, ఇద్దరం కలిసి మళ్లీ చూద్దాం."

"ఎవరి గొంతురా అది?" అంది ఆయన తల్లి. ఎవరిదో ఆమెకు తెలుసు. నమ్మకం కుదరలేదంతే.

"నాదే. ఒప్పు జవాబులకు గొంతిచ్చే ఆవిడ వచ్చి రికార్డు చేసి వెళ్లింది. తప్పు జవాబులకు ఇంకా ఖాళీ దొరకలేదట. అందాకా ఉంటుందని నేనే చదివి పెట్టాను," అన్నాడు నసుగుతూ.

భార్య పిల్ల పక్కన కూలబడింది. "ఎనిమిదని తెలుసు కదే. ఏడెందుకు నొక్కావు?"

"ఎనిమిది నొక్కితే ఆంటీ శభాష్ అంటుంది," అంది పిల్ల తలొంచుకుని. "ఏడు నొక్కితే నాన్న మాట్లాడతాడు."

నానమ్మ గౌను పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"మరి రెండు ఒప్పులెందుకు పెట్టావమ్మా?" అని మెల్లిగా అడిగింది.

"అన్నీ తప్పయితే నాన్నకి కోపం వస్తుందిగా."

భార్యకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆ కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. ఆ పనైనా ఆయనకు చేతకాలేదు. లాప్‌టాప్‌లో ఎర్రగీతలు చూస్తూ ఉండిపోయాడు. ఒక్కో గీతా ఒక్కోసారి కూతురు తనని పిలవడమేనని ఇప్పుడు తెలిసింది. ఇరవై రోజులు ఎదురుగా కూర్చుని, పిలిచిన ప్రతిసారీ ఆ పిల్లకి సున్నా వేశాడు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"ఇంకా ఆ పెట్టెలోకే చూస్తావేంట్రా? పిల్ల బయటుంది," అంది తల్లి.

ఆయన లేచి వచ్చి నేల మీద కూర్చున్నాడు. "ఏడూ ఆరూ ఎంతమ్మా?" అన్నాడు, లెక్క తప్ప ఇంకేమీ రానివాడిలా.

"పదమూడు."

పిల్ల ఆయన నోటివైపే చూస్తూ ఆగింది. కాసేపు చూసి, సాయం చేస్తున్నట్టు అడిగింది, "పోనీ తప్పు చెప్పనా నాన్నా?"

ఆయన కూతుర్ని గుండెకు హత్తుకుని బావురుమన్నాడు. తల్లి కొడుకుని ఓదార్చలేదు. ఓదార్చాలని ఆమెకు అనిపించలేదు కూడా.

"వద్దు తల్లీ, ఏ లెక్కలూ వద్దు," అన్నాడు చాలాసేపటికి. "బడిలో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

పిల్ల అనుమానంగా ముందు అమ్మవైపు, తర్వాత నానమ్మవైపు చూసింది. ఇది కూడా పరీక్షేమోనని దాని భయం. కాదని అమ్మ తలూపాక అప్పుడు మొదలుపెట్టింది. పక్కన కూర్చునే పిల్ల గురించి, ఆ పిల్ల ఊడిన పన్ను గురించి, పెన్సిలు కొరికే ఇంకొకడి గురించి. ఆ రోజు బడికి ముప్పావుగంట ఆలస్యంగా వెళ్లింది.