భుజం ఒప్పుకునేదాకా

ఆమెకున్న పెద్ద భయం ఒక్కటే. పాపను నిద్రపుచ్చి వాకిట్లోకి వచ్చేసరికి, కారు కిందనుంచి బయటికి కనిపించే అత్తగారి రెండు పాదాలూ కదలకుండా పడి ఉంటాయేమోనని.

మిగతా భయాలన్నీ దీని ముందు దిగదుడుపే. పాపకు జ్వరమొస్తే భర్తకు మందుల షాపు ఉంది. ఇంట్లో సరుకులు నిండుకుంటే వీధి చివర అంగడి ఉంది. కానీ కీళ్ళనొప్పులతో మెట్లు దిగడానికే గోడ పట్టుకునే మనిషి, చచ్చిపోయిన మామగారి పాత చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని, జాకీ మీద లేపిన కారు కిందికి వీపు మీద పాక్కుంటూ వెళ్ళిపోతే ఆ కోడలు ఎవరితో మొరపెట్టుకోవాలి? చెబితే వింటుందా ఆవిడ? తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం! పెళ్ళయి వచ్చినప్పటినుంచీ చూస్తూనే ఉంది. ఆయిల్ మార్చడం ఆవిడే, బ్రేకులు చూసుకోవడం ఆవిడే, టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి బిగించడమూ ఆవిడే. జీవితమంతా డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకు కారు నేర్పిన మనిషి. ఆ వీధిలో అందరూ ఆవిడను స్టీరింగమ్మ అంటారు. తన కారును పరాయి చేతుల్లో పెట్టడమంటే ఆవిడకు ఒంటిమీది బట్ట ఇచ్చేసినంత నామోషీ.

ఆ ఆదివారం పొద్దున కూడా అంతే. పాపకు అన్నం కలుపుతూ కోడలు వంటింటి కిటికీలోంచి కేకేసింది.

"అత్తయ్యా, ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతాను? పైన కారు, కింద నేల. మధ్యలో నేను."

కాసేపాగి మళ్ళీ పిలిచింది. "అత్తయ్యా..."

"బతికే ఉన్నాను. నువ్విలా మాటిమాటికీ పిలిస్తే మాత్రం హామీ ఇవ్వలేను."

కోడలికి ఒళ్ళు మండింది. పిలవకపోతే భయం, పిలిస్తే వెటకారం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అన్నం ముద్ద పాప నోట్లో పెడుతూ, ఇంక చచ్చినా పిలవకూడదనుకుంది. పాప ఆ ముద్దను ఉమ్మేసి నవ్వింది. అప్పుడు వాకిట్లోంచి సన్నగా, ఆవిడ గొంతేనా అనిపించేలా ఒక మాట వినిపించింది.

"అమ్మాయ్... ఒక్కసారి వచ్చి నా కాళ్ళు పట్టి లాగు."

చేతిలోని గిన్నె అక్కడే పడేసి, పాపను చంకనేసుకుని పరిగెత్తింది. నడుము పట్టేసి పెద్దావిడ అటూ ఇటూ కదల్లేకుండా ఉంది. కోడలు పాపను గుమ్మంలో కూర్చోబెట్టి, రెండు పాదాలూ పట్టుకుని లాగింది. చెప్పులు ఊడి చేతిలోకి వచ్చాయి గానీ మనిషి రాలేదు. మళ్ళీ మడమలు పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగితే, చిరాకు నిండిన కళ్ళు, తర్వాత నల్లటి ఆయిల్ చారలతో నుదురు బయటికొచ్చాయి.

"మెల్లగా లాగలేవూ? తలకాయ సైలెన్సరుకు తగిలింది."

అంతే. కోడలి కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారాయి. అది ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు. "మీ తల సంగతి మీకే పట్టనప్పుడు నాకెందుకు అత్తయ్యా? రేపు నిజంగానే ఏదైనా అయితే, ఒంటరిగా ఈ పసిదాన్ని చంకనేసుకుని నేనేం చెయ్యాలి? కారును నెట్టాలా, మిమ్మల్ని లాగాలా, ఇది ఏడిస్తే ఊరుకోబెట్టాలా?"

"జాకీతో పాటు స్టాండు కూడా పెట్టాను. కారు పడదు. నువ్వు భయపడే పనులన్నీ నేను భయపడ్డాకే నేర్చుకున్నాను" అందావిడ నేలమీదే కూర్చుని.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకు మెల్లగా మాట కదిపాడు. "అమ్మా, ఇంక మెకానిక్ షెడ్డుకు ఇచ్చేద్దామే. నీకెందుకీ శ్రమ?"

"నీ షాపులో మందులు నువ్వే అమ్ముతావా, పక్కింటాయనతో అమ్మిస్తావా?"

"అది వేరు."

"ఏం వేరు? నువ్వు చీటీ చూస్తావు, నేను చక్రం చూస్తాను."

అతను అటు తల్లినీ ఇటు భార్యనూ చూసి, అడకత్తెరలో పోకచెక్కలా తల వంచుకుని మజ్జిగ తాగేశాడు. కోడలికి భర్త మీద కూడా చిరాకొచ్చింది. షాపులో వందమందికి సలహాలు చెప్పే మనిషికి కన్నతల్లి ముందు నోరు పెగలదు.

సరిగ్గా బిగిసిందని ఎలా తెలుస్తుందని ఎన్నిసార్లు అడిగినా ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "నట్టు బిగించేటప్పుడు స్పానరు మీద ఒళ్ళంతా వేసి నొక్కుతాను. చాలు అని నా భుజం చెబుతుంది. అది ఒప్పుకునేదాకా నేను వదలను. ముప్పై ఏళ్ళుగా దాని మాట తప్పలేదు." స్కూల్లో ఆడపిల్లలకు కూడా అదే పాఠం చెప్పేదట. ఎవరి భుజాన్ని వాళ్ళే నమ్ముకోవాలని.

ఆ వారంలోనే పాపకు టీకా వేయించే రోజు వచ్చింది. అంతకుముందు రోజు పెద్దావిడ టైర్లు మార్చి బిగించి, చేతులు కడుక్కుని, ఎంతో తృప్తిగా పడుకుంది. పొద్దున్నే ఆవిడే స్టీరింగు పట్టుకుంది. వెనక సీట్లో పాపను ఒళ్ళో పెట్టుకుని కోడలు కూర్చుంది. ఊరి చివర గోడౌన్లు దాటుతుంటే పెద్దావిడ ఉన్నట్టుండి మాటలాపేసింది. స్టీరింగు మీద చేతులు బిగుసుకున్నాయి. కారు వేగం తగ్గించి, ఒక పొడవాటి ప్రహరీ గోడ పక్కన ఆపేసింది.

"ఏమైంది అత్తయ్యా?"

"వణుకుతోంది."

"మీకా?"

"బండికి."

ఆవిడ దిగి ముందు చక్రం దగ్గర కూర్చుంది. కోడలు పాపను ఎత్తుకుని పక్కనే నిలబడింది. పెద్దావిడ ఒక నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పింది. బొటనవేలూ చూపుడువేలూ, అంతే... సీసా మూతలా తిరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అలా వేళ్ళతో తిప్పుతుంటే ఆవిడ ముఖంలో రంగు దిగిపోవడం కోడలు చూసింది. ఒళ్ళో పాప. ఇంతదూరం వచ్చింది ఈ చక్రం మీదే. ఇంకొంచెం దూరం పోయుంటే...

పెద్దావిడ డిక్కీలోంచి వీల్ స్పానరు తెచ్చింది. నట్టుకు తగిలించి, పళ్ళు బిగబట్టి నొక్కింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆఖరికి గాలి వదిలి, "ఆఁ... బిగిసింది. భుజం చాలంది" అంది.

పాప కోడలి ఎడమ చంకలోనే ఉంది. ఆమె వంగి, కుడిచెయ్యి ఒక్కటే ఆ స్పానరు మీద వేసి నొక్కింది. అది తిరిగింది. సగం చుట్టు, ఇంకా కొంచెం... అప్పుడు గానీ ఆగలేదు.

ఇద్దరూ ఆ స్పానరునే చూస్తూ ఉండిపోయారు. పక్కనుంచి ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. పాప దాన్ని చూసి చెయ్యి ఊపింది. మిగతా నట్లన్నీ కోడలే బిగించింది, అన్ని చక్రాలవీ. పెద్దావిడ ఒక్క మాట కూడా చెప్పలేదు. అలా కాదు ఇలా అనలేదు. ఆ మౌనమే కోడలిని ఎక్కువగా భయపెట్టింది.

టీకా వేయించుకుని ఇంటికి రాగానే ఆవిడ కారు తాళంచెవి కొడుకు చేతిలో పెట్టింది. "అమ్మేయరా. పనిముట్ల పెట్టె కూడా ఇచ్చేయ్."

కొడుకు సంగతంతా విని తెల్లబోయాడు. తర్వాత భార్యతో చాటుగా, "పోనీలే, నువ్వు కోరుకున్నదే అయింది కదా" అన్నాడు. నిజమే. ఆమె కోరుకున్నదే అయింది. వాకిట్లో కారు కింద పాదాలు లేవు. వంటింటి కిటికీలోంచి కేకలు వెయ్యక్కర్లేదు. ఇంకేం కావాలి? కానీ ఆ ఇల్లు ఇల్లులా లేదు. పెద్దావిడ గోడవైపు తిరిగి కూర్చుంటుంది. పెట్టింది తింటుంది. ఉప్పెక్కువైందని కూడా అనదు. ఉప్పు ఎక్కువే వేసి చూసింది కోడలు, ఒక తిట్టయినా వినబడుతుందేమోనని. ఊహూఁ...

అన్నిటికంటే దారుణం మరొకటి. పాప నాన్నమ్మ దగ్గరికి దోగాడుకుంటూ వెళ్ళి మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడి, ఎత్తుకోమని చేతులు చాస్తే ఆవిడ తన చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. పాప ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

"ఎత్తుకోండత్తయ్యా, ఏడుస్తోంది."

"వద్దమ్మా. తీసుకో. నా చేతులకి పట్టు లేదు. ఇవి చాలంటే చాలని కాదు. ఎప్పుడు జారుస్తాయో..."

ఆ మాట వినేసరికి కోడలికి గుండె కలుక్కుమంది. ఆ వెంటనే చెప్పలేనంత విసుగు. ఈవిడతో వేగడం ఎవరి తరం? పనిచేస్తే ప్రాణం తీస్తుంది, మానేస్తే అంతకంటే ఎక్కువగా తీస్తుంది. మధ్యస్తంగా బతకడం ఈ మనిషికి చేతకాదా? పదో తరగతితోనే చదువు ఆగిపోయిన తనకు ఈవిడంటే మొదటినుంచీ బెరుకు. ఎదురు చెప్పిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కానీ ఆ రోజు బెరుకంతా ఎటు పోయిందో పోయింది. పాపను అలాగే ఆవిడ కాళ్ళ దగ్గర వదిలేసి, విసవిసా వాకిట్లోకి నడిచి, పనిముట్ల పెట్టె ధడాలున తెరిచింది.

"ఏం చేస్తున్నావు?" లోపలినుంచి గొంతు.

"నేను రోడ్డు మీద బిగించినవి మళ్ళీ చూస్తున్నాను. బండి కొంత దూరం నడిచాక మళ్ళీ చూడాలని మీరే కదా ఊరందరికీ చెప్పింది. ఈ ఇంట్లో ఎవరూ చూడకపోతే నేనే చూస్తాను."

స్పానరు తగిలించి నొక్కింది. నట్టు కదిలింది గానీ, ఎటు కదలాలో అటు కాదు. కోపంలో విప్పేవైపు తిప్పేస్తోంది. గుమ్మం దగ్గర చీర అంచు కనిపించింది. గోడ పట్టుకుని వచ్చిన పెద్దావిడ ఆ ఘోరాన్ని ఒక క్షణం చూసింది. రెండో క్షణం తట్టుకోలేకపోయింది.

"అటు కాదే తల్లీ, విప్పేస్తున్నావు. మీవాళ్ళు నీకు కుడీ ఎడమా నేర్పకుండానే పెళ్ళి చేశారా?"

"నేర్పలేదు. మీరు నేర్పండి."

"నేర్చుకునే ముఖమేనా అది?"

"ముఖంతో కాదుగా బిగించేది."

పెద్దావిడ పెదవి కొస వణికింది. నవ్వో, ఇంకేదో. గుమ్మం పక్క గట్టుమీద కూర్చుండిపోయి చక్రాన్నే చూసింది. తర్వాత అంది. "ఎప్పట్లాగే నొక్కానమ్మాయ్. ఎప్పట్లాగే భుజం చాలంది. బలం తగ్గిందని చెప్పలేదే అది. నొప్పెట్టినా తెలిసేది... ఏమీ చెప్పకుండా తగ్గిపోయింది. పసిదాన్ని ఆ బండిలో ఎక్కించాను. నా చేతులతో నేనే..."

కోడలు స్పానరు కింద పెట్టి వచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుంది. గోళ్ళ సందులు ఇంకా నల్లగానే ఉన్నాయి. "వణుకు ముందు మీకే తెలిసింది అత్తయ్యా. బండి ఆపింది మీరే. నాకైతే ఏమీ తెలియలేదు, పాటలు పాడుకుంటూ కూర్చున్నాను. మీకు తెలిసినవి నాకు తెలియవు. నాకున్న బలం మీకు లేదు. అంతే కదా, దీనికి గోడవైపు తిరిగి కూర్చోవడమెందుకు?"

ఆ సాయంత్రమే పెద్దావిడ కొడుకును పిలిచి, కారు అమ్మవద్దంది.

అంతటితో ఇల్లు చల్లబడిందనుకుంటే పొరపాటు. నేర్పడం మొదలుపెట్టాక ఆవిడ నోరు అంతకుముందుకంటే పెద్దదైంది. నట్లు వరసగా బిగిస్తే తిట్టు, ఎదురెదురుగా బిగించాలట. ఆయిల్ చుక్క నేలమీద పడితే తిట్టు. కారు కిందికి కోడలు దూరితే పక్కనే కూర్చుని ఊపిరాడనివ్వకుండా ప్రశ్నలు. కొడుకు బిగింపు కొలిచే స్పానరొకటి కొనుక్కొచ్చాడు. సరిపడా బిగిస్తే టక్కుమని శబ్దం చేస్తుంది. "దానికి అన్నం కూడా పెట్టాలా?" అని పెద్దావిడ ఎగతాళి చేసింది గానీ, ఎవరూ చూడనప్పుడు తను బిగించిన నట్టును దానితో సరిచూసుకోవడం కోడలు కిటికీలోంచి రెండుసార్లు చూసింది. ఆవిడ ఎంత నొక్కినా ఒక్కసారి కూడా టక్కుమనలేదు. పెద్దావిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కోడలూ అడగలేదు. ఎదురుచూసింది. ఆవిడ తనంతట తనే చెప్పాలి ఆ మాట. బలవంతాన చెప్పిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది.

వాన వెలిసిన ఒక సాయంత్రం పంక్చరైన టైరు మారుస్తున్నారు. ఆఖరి నట్టు మాత్రం తానే బిగిస్తానని పెద్దావిడ మొండికేసింది. ఒళ్ళంతా వేసి నొక్కింది. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. కోడలు ముందుకు వెయ్యబోయిన అడుగును ఎంతో కష్టంమీద ఆపుకుంది.

స్పానరు మీద చెయ్యి అలాగే ఉంచి, తలెత్తకుండా అందావిడ. "అమ్మాయ్. ఇంక నావల్ల కావడం లేదు. నువ్వు పట్టు."

అంత పెద్ద మాటను ఆవిడ జీవితంలో ఎవరితోనూ అని ఉండదు. కోడలు ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ సిగ్గుపడుతుంది. స్పానరు అందుకుని, "పాపను పట్టుకోండి మరి, బురదలోకి పోతోంది" అంది మామూలుగా. పెద్దావిడ చీర కొంగుకు చేతులు తుడుచుకుని పాపను ఎత్తుకుంది, రెండు చేతులూ గట్టిగా చుట్టి.

ఇది చదువుతున్న అమ్మలూ, అక్కలూ... మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, ఇంకా తన బండి తనే బాగుచేసుకునే పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. బలం తగ్గిందన్న సంగతి వాళ్ళ ఒళ్ళు వాళ్ళకు చెప్పదు. చెప్పినా వాళ్ళు మనకు చెప్పరు. పుస్తకం కాస్త పక్కన పెట్టి వెళ్ళి చూసి రండి. ఈ వయసులో ఇదంతా ఎందుకని మాత్రం అనకండి. పనిలో ఉంటే పక్కన కూర్చోండి. పూర్తయ్యాక, ఆ ఆఖరి నట్టు మీద మీరూ ఒకసారి చెయ్యి వేసి చూడండి.