నలభై మందికీ నయమే

"మీ పుస్తకం నిండా అబద్ధాలేనండీ" అంది కనకరత్నం.

డాక్టరు హనుమంతరావు ఆ సమయంలో ఆమె పాఠాలు చెప్పే బడి అరుగు మీద కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగే తాగుతున్నాడు. మజ్జిగ ఇచ్చిన మనిషే అంత మాట అనడం అతనికి కొత్త.

అది పంతొమ్మిదివందల యాభై ఆరు వానాకాలం. ప్రతి గురువారం అతను ఏలూరులో బస్సెక్కి, బస్సు దిగి పడవవాడు తోమా తాటిదోనె ఎక్కి, గొడుగు ఉన్నా తడిసి, ఆ కొల్లేటి లంకకు వస్తున్నాడు. కీళ్లవాతం మీద పరిశోధన. మొత్తం నలభై మంది రోగులు. ఇరవై మందికి ఎర్ర చీటీ సీసాలోని మాత్రలు, ఇరవై మందికి నీలం చీటీవి. ఒకదాంట్లో పాత ఆస్పిరిన్, రెండోదాంట్లో కొత్త మందు. ఏది ఎందులో ఉందో మద్రాసులో ప్రొఫెసరుగారికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే చూసేవాడి మనసు ఒకవైపు మొగ్గుతుందని హనుమంతరావుకు కూడా చెప్పలేదు. కొత్త మందు గెలవాలనీ, తన పేరు ఇంగ్లీషు జర్నల్లో అచ్చవ్వాలనీ అతనికి మహా ఆశగా ఉంది.

"అబద్ధాలేమిటండీ? నలభై మందినీ నేనే స్వయంగా అడిగాను. నలభై మందికీ తగ్గింది."

"రెండు మందులకీ ఒక్కలాగే తగ్గిందాండీ?"

మజ్జిగ అడ్డదారి పట్టి దగ్గు వచ్చింది. రెండు నెలలుగా ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదో అతనికే అర్థం కాలేదు.

"మా అమ్మకీ తగ్గిందని రాశారు. పొద్దున్న అమ్మ కొప్పు నేనే ముడేశానండీ. చేతులు భుజం దాటి లేవట్లేదు."

"ఆవిడే చెప్పారండీ! 'తమ దయవల్ల హాయిగా ఉందండీ' అన్నారు."

"అనరా మరి? అంత దూరం నుంచి వానలో తడుసుకుంటూ వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని 'తగ్గిందాండీ' అంటే, తగ్గలేదని మొహం మీద ఎలా చెప్తారండీ? మిమ్మల్ని చిన్నబుచ్చినట్టుండదూ? మా ఊళ్లో ఎవరికీ నోరు రాదు."

అతనికి కోపం వచ్చింది. అంత కోపంలోనూ ఆమె చెంప మీద సుద్దముక్క పొడి అంటుకుందని గమనించాడు. పరిశోధకుడన్నాక గమనించాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"అయితే మీరే చెప్పండి. ఏం చేయమంటారు?"

"నోటిని అడక్కండి. చేతుల్ని అడగండి. ఈ లంకలో వల అల్లడం రానివాళ్ళు లేరు. దారం చేతికిచ్చి, పది నిమిషాల్లో ఎన్ని వల కళ్ళు అల్లుతారో లెక్కపెట్టండి."

ఆమె చెప్పినట్టే చేశారు. అతను గడియారం పట్టుకునేవాడు, ఆమె వల కళ్ళు లెక్కపెట్టి రాసేది. భీమరాజు తాత దారం అందుకుని, "తమకి ఎన్ని కావాలండీ?" అని అడిగాడు. డాక్టరుగారి మాట నిలబెట్టాలని పళ్ళు బిగించి మరీ అల్లాడు పాపం. వేళ్ళకు మాత్రం మర్యాద తెలియదు. ఏడు కళ్ళ దగ్గర ఆగిపోయాయి.

"మీరు గడియారం చూడాలండీ" అనేది కనకరత్నం, తల ఎత్తకుండానే.

"చూస్తున్నానండీ."

"గడియారం నా మొహం మీద లేదండీ."

అలా ఎనిమిది గురువారాలు గడిచాయి. తొమ్మిదో గురువారం అతను మద్రాసు కవరు జేబులో పెట్టుకుని, నేరుగా బడికి వచ్చాడు. ఎర్ర చీటీవాళ్ళ వేళ్ళు బాగా కదిలాయి. నీలం చీటీవాళ్ళ వేళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఎర్రది ఆస్పిరిన్.

"కొత్త మందు ఓడిపోయిందండీ" అన్నాడు. "పనికిరాదని తేలడం కూడా ఫలితమేనని ప్రొఫెసరుగారు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది."

"మా అమ్మది నీలం చీటీయే కదండీ."

"ఇవాళ్టి నుంచి ఆస్పిరిన్ ఇస్తాను." కాసేపు గొడుగు మడుస్తూ, విప్పుతూ నిలబడ్డాడు. "ఇంకో మాటండీ. నాకు మీరంటే ఇష్టం. తాడేపల్లిగూడెంలో మా అమ్మకు రాశాను, సరేనంది. మీరేమంటారు?"

కనకరత్నం బోర్డు వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డును మళ్ళీ తుడిచింది.

"నాకూ ఇష్టమేనండీ" అంది చివరికి. "కానీ అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు. పైకి సరేనని చెప్పి లోపల బాధపడితే మాత్రం నేను చేసుకోలేనండీ. ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి."

అతను ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి అడిగాడు. కనకరత్నం తల్లి వీరరాఘవమ్మ మంచం మీంచి లేచి నిలబడింది.

"ఆయ్, అంతకంటే అదృష్టమేముందండీ. తమరు అడగడం, మేం కాదనడమాండీ?"

హనుమంతరావు ఆవిడ మొహంలోకి పరీక్షగా చూశాడు. ఇదే గొంతు, ఇదే చిరునవ్వు. రెండు నెలలు ఈవిడ చెప్పినవన్నీ తన పుస్తకంలో ఇలాగే ఉన్నాయి. కనకరత్నం వైపు చూశాడు. ఆమె కూడా తెల్లమొహం వేసింది.

"నేను అడిగినా అదే మాటండీ" అంది ఆమె మరుసటి వారం. "నీ ఇష్టమే నా ఇష్టం అంటుంది. అంతకు మించి పెదవి విప్పదు."

ఆ పై గురువారం గాలివానకు దోనెలు కదల్లేదు. అతను ఏలూరులో చూరు కింద నిలబడి వానను తిట్టుకున్నాడు. ఆవిడ మనసు వల అల్లించి తెలుసుకునేది కాదు. కనకరత్నం తనకు దక్కదేమోనన్న భయంతో ఆ వారమంతా అన్నం సయించలేదు.

వాన తెరిపిచ్చిన గురువారం అతను వీరరాఘవమ్మ గుమ్మంలో అడుగుపెట్టి, అలవాటు కొద్దీ, "ఎలా ఉందండీ, తగ్గిందాండీ?" అన్నాడు.

"ఏం తగ్గడం!" అంది వీరరాఘవమ్మ. మంచం మీంచి లేవను కూడా లేదు. "చేతుల సంగతి సరే, కడుపులో ఒకటే మంట. ఏం బిళ్ళలు బాబూ ఇవి? నువ్వే ఒకటి మింగి చూడు, తెలుస్తుంది. పోయిన వారం ఏమైపోయావు? మోకాళ్ళు పట్టేసి మూడు రోజులు గడప దాటలేదు. ఎవరితో చెప్పుకోను? డాక్టరువి అయ్యుండి నా గోడు నీకు పట్టదా?"

వంటింటి గుమ్మం దగ్గర కనకరత్నం చేతిలో చెంబు పట్టుకుని నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి.

"అమ్మ నన్ను తప్ప ఇంకెవర్నీ ఇలా తిట్టదండీ" అంది.

హనుమంతరావుకు ఒళ్ళంతా తేలికైపోయింది. పుస్తకం తీసి, 'కడుపులో మంట' అని రాశాడు. సంతోషంతో అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.

"ఈ మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోవాలి, అత్తయ్యగారూ."

"ఆ ముక్క మొదటే చెప్పొద్దూ?" అని కసిరింది వీరరాఘవమ్మ.