గీత దాటిన నీళ్లు

ఆఖరి క్యాను నీళ్లు పారబోయడానికి యోహానుకు మనసొప్పలేదు. అందుకే చనిపోయాడు.

ఆయన తాండూరు స్టేషన్‌లో పార్శిల్ గుమాస్తా. భార్య మనోరమ వికారాబాద్ కాలేజీలో జువాలజీ చెప్పేది, రోజూ రైల్లో వెళ్లి వచ్చేది. పిల్లలు లేరు. 1981లో యోహాను రైల్వే పాసు మీద బొంబాయి వెళ్లి రెండు సముద్రపు చేపల్ని తెచ్చాడు. నారింజ రంగు ఒళ్లు, తెల్ల చారలు. వాటితోపాటు ఆరు క్యాన్ల సముద్రపు నీళ్లు. మోసి మోసి కుడి భుజం వాచింది.

తొట్ల ఏర్పాటు మనోరమది. కిటికీ పక్కన బల్ల మీద చేపల తొట్టి. అందులో ఎక్కువైన నీళ్లు గొట్టంలోంచి బల్ల కింది తొట్టిలోకి దిగుతాయి. అక్కడ ఇసుక, నాపరాయి ముక్కలు మురికిని పట్టుకుంటాయి. అవతలి అరలో సముద్రపు నాచు, కంటికి ఆనీ ఆనని పురుగులు. చేపలు అక్కడికి రాలేవు కాబట్టి అవి భయం లేకుండా పెరిగి నీళ్లను బాగుచేస్తాయి. చివర ఒక కూలరు మోటారు, ఆ నీళ్లను మళ్లీ పైకి తోయడానికి.

"పురుగులకు తలదాసుకునే ఇల్లా? మనమేమో కిరాయింట్ల ఉన్నం," అన్నాడు యోహాను.

"అవి నీళ్లన్న కడుగుతయి. మీరు ఇంతవరకు ఒక్క గిలాస కడిగిన్రా?"

కింది తొట్టి అద్దం మీద ఆమె ఎర్ర రంగుతో గీత గీసింది. కరెంటు పోతే గొట్టాల్లో ఉన్న నీళ్లన్నీ కిందికే వస్తాయి. వాటికోసం గీత పైన చోటు వదలాలి. ఐదు క్యాన్లకే నీళ్లు గీతను అందుకున్నాయి. మర్నాడు ఆమె కాలేజీకి వెళ్లాక యోహాను ఆరోది కూడా పోసేశాడు, అంచుదాకా. అంత దూరం మోసుకొచ్చిన నీళ్లు మరి.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కింది తొట్టి పొర్లింది. చేపలకు ఊపిరాడదని యోహాను ఆ నీళ్లలోనే వట్టికాళ్లతో నిలబడి, కిందివి మగ్గుతో ముంచి పైన పోస్తున్నాడు. ప్లగ్గు బోర్డు నేల మీద ఉంది.

కరెంటు వచ్చింది.

మనోరమ బోర్డును గోడ మీదికి ఎక్కించింది. నీళ్లను గీతదాకా దించింది. చేపల్ని మాత్రం, ఎందరు చెప్పినా, ఎవరికీ ఇవ్వలేదు. ఆయన మోసుకొచ్చినవాటిలో ప్రాణంతో ఉన్నవి అవే.

మరుసటి వానాకాలం ఒకరోజు రైలు ఆలస్యమైంది. ఆమె ఇల్లు చేరేసరికి మసక పడింది. ఊరంతా చీకటి. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన గౌసియాబీ లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"కరెంటు ఎప్పుడు పోయింది?"

"పొద్దుగాలనే పోయింది అక్కా."

పొద్దున్నుంచీ! చేపల మీద ఆశ వదులుకుంది మనోరమ.

"ఫికర్ ఎందుకు? మీ సుట్టం పోస్తనే ఉన్నడు గద," అంది గౌసియాబీ.

"ఏ సుట్టం?"

"గా సప్పుడు ఇనబడ్తలేదా? మగ్గుతోని ముంచుడు, పోసుడు. పగలంత గదే."

మనోరమ తలుపు వైపు చూసింది. పొద్దున తాను వేసిన తాళం వేసినట్టే ఉంది.

తాళం తీసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ఉప్పు వాసన, నాచు వాసన. రోజూ ఉండేవే. వాటి మధ్య ఇంకొకటి... కాలిన వైరు వాసన.

బుడుంగుమని మగ్గు మునిగింది. పైనుంచి సన్నగా ధార పడింది. మళ్లీ ముంచడం. మళ్లీ ధార. తర్వాత కాసేపు ఆగి, నొప్పిపెట్టే భుజాన్ని సర్దుకున్నట్టు ఒక నిట్టూర్పు...

ఆ నిట్టూర్పు ఆమెకు తెలుసు.

పాదాలకు నీళ్లు తగిలాయి. చల్లగా. బండలన్నీ నీళ్లే.

"ఏమండీ..."

చప్పుడు ఆగింది.

"జర సేపే..." ఊపిరికంటే కొంచెం పెద్దగా వినిపించింది. "కరెంటు వచ్చేదాక..."

మళ్లీ మగ్గు మునిగింది.

కరెంటు వచ్చేదాకా.

బోర్డు ఇప్పుడు గోడ మీద ఉందన్న సంగతి ఆమెకు తోచనేలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తింది. గుమ్మం దగ్గర మీటరును తడిమి, ఫ్యూజు పట్టుకుని ఊడబెరికింది. అదే క్షణంలో వీధి దీపాలు వెలిగాయి. గౌసియాబీ ఇంట్లో రేడియో పాట మధ్యలో అందుకుంది. మనోరమ ఇల్లొక్కటే చీకట్లో ఉండిపోయింది.

కిటికీలోంచి పడిన వీధి వెలుగులో చూసింది. ఎవరూ లేరు. పై తొట్టి అంచుకు తగిలించిన మగ్గు ఇంకా ఊగుతోంది. చేపలు రెండూ పక్కపక్కనే ఈదుతున్నాయి. కింది తొట్టిలో నీళ్లు ఎర్ర గీత దాటి అంచుదాకా ఉన్నాయి. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. సముద్రపు నీళ్లే. ఇంట్లో విడిగా ఒక్క క్యాను సముద్రపు నీళ్లు కూడా లేవు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ బాల్‌రాజ్‌ను పిలిపించి ఆ గది లైను తీసేయమంది.

"చేపలు సస్తయి మేడం."

"చావవు. నువ్వు వైర్లు పీకు."

చావలేదు, మరో నాలుగేళ్లు. రోజూ పొద్దున కింది నీళ్లను గీతదాకా తోడి, తాళం వేసుకుని ఆమె రైలెక్కేది. సాయంత్రానికి అవి అంచుదాకా వచ్చి ఉండేవి.

ముందు ఒక చేప పోయింది, తర్వాత రెండోదీ పోయింది. ఇక ఆ గదికి మళ్లీ లైను వేయించుకోమని అందరూ చెప్పారు. లోపల మగ్గు మునుగుతున్న చప్పుడు ఆగలేదు. మనోరమ కరెంటు పెట్టించలేదు.