సీటు దించిందెవరు?

ఆ ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆ ఇంట్లో ఉన్నది ఆరుగురు. పై అంతస్తులో ఇంటావిడ కోటేశ్వరమ్మ, ఆవిడ కొడుకు శ్రీరామమూర్తి, మనవడు అభిరామ్. కింది వాటాలో కిరాయికుండే వెంకటనర్సయ్య, అతని భార్య బాలలక్ష్మి, వాళ్ల దగ్గర ఉండి డిగ్రీ చదువుతున్న అన్న కూతురు శ్రీకళ. మెట్ల కింద ఒక హైబ్రిడ్ సైకిల్. దాన్ని కూడా మనిషిగా లెక్కేసుకోవాల్సిందే. ఆ రోజు గొడవంతా దాని గురించే.

సైకిల్ అభిరామ్‌ది. ఎల్‌బీ నగర్‌లో ఆఫీసు. ట్రాఫిక్‌లో బైకు నడపలేక కొన్నాడు. కొన్న రోజు గేటు దగ్గర శ్రీకళ నీళ్ల బకెట్‌తో అడ్డం వచ్చింది. అతను బ్రేకేశాడు. సైకిల్ ఆగింది, బకెట్ ఆగలేదు.

"చూసుకోవాలి కదండీ!" అన్నాడు తడిసిన బూట్లు చూసుకుంటూ.

"బెల్లు కొట్టాలె కదా!" అనేసింది శ్రీకళ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసేసరికి చెవులు వేడెక్కాయి.

"దీనికి బెల్లు రాదండీ. ఇది హైబ్రిడ్."

"హైబ్రిడ్ విత్తనాలుంటయి. సైకిళ్లు గూడ ఉంటయా?"

అతను నవ్వాడు. శ్రీకళ ఖాళీ బకెట్‌తో లోపలికి పారిపోయింది. మర్నాడు సైకిల్‌కు బెల్లు వచ్చింది.

అది మొదలు. తర్వాత ఇంట్లో అందరికీ ఆ సైకిల్ మీద ఆశలు పుట్టాయి. శ్రీరామమూర్తి నడుం నొప్పి అని హ్యాండిల్ ఎత్తించి, సీటుకు సోఫా స్పాంజి తొడిగించాడు. కోటేశ్వరమ్మ "హైబ్రిడ్ వంకాయకు రుచుండదు, దీనికైనా కాస్త కళ ఉండొద్దూ?" అంటూ నిమ్మకాయ, మిరపకాయలు కట్టి, ముందు కూరగాయల బుట్ట పెట్టించింది. బాలలక్ష్మి పాత స్వెట్టరు ఊలుతో పిడులకు తొడుగులు అల్లింది. ఈమధ్య అభిరామ్ కూడా పిచ్చి పట్టినట్టు వెనక చక్రానికి ఇనప జాలీ పెట్టించాడు. ఎందుకని అడిగితే "స్టైల్" అన్నాడు. ఆ సైకిల్ ఇప్పుడు ఊరేగింపు నుంచి తప్పిపోయిన బండిలా ఉంది.

శ్రీకళ రహస్యం కూడా ఆ సైకిలే. యాచారం దగ్గర పల్లెలో ఉన్నప్పుడు బడికి రోజూ సైకిల్ మీదే వెళ్లేది. సిటీకి వచ్చిన రోజే చిన్నాయన చెప్పేశాడు: "ఈడ సైకిళ్లు గిట్ల అడగకు బిడ్డా. ఎవడన్న ఒక్క మాటన్నడనుకో, సీదా ఊరికి తోలిస్త. నీ చదువు ఆడికి బంద్." అప్పటినుంచి అడగలేదు. అడగలేదు కానీ, ఆ సైకిల్ తాళం నంబరు మాత్రం తెలిసింది. తను మరిచిపోతే ఎవరైనా గుర్తు చెయ్యాలని కోటేశ్వరమ్మ దాన్ని వాకిట్లో నిలబడి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది.

పాలవాడు రాకముందే శ్రీకళ సీటు కింది లీవర్ తిప్పి, దాన్ని తన ఎత్తుకు దించుకుని, చైతన్యపురి వైపు ఒక చుట్టు చుట్టి వచ్చేది. రాగానే సీటు మళ్లీ ఎత్తి పెట్టేది. ఆ ఒక్క చుట్టు కోసమే ఆమెకు తెల్లవారేది.

ఆ ఆదివారం వాన మోసం చేసింది. సందు మలుపులో ఉండగానే కుండపోతగా కురిసింది. సైకిల్‌ను మెట్ల కిందికి తోసి, తాళం వేసి, లోపలికి పరిగెత్తింది. సీటు సంగతి మరిచిపోయింది.

వాన తగ్గాక శ్రీరామమూర్తి ఇడ్లీలు తేవడానికి సైకిలెక్కాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"ఎవరు దించారు నా కొడుకు సీటు?" అని వాకిట్లోనే కేక పెట్టాడు. "టైర్లు తడి! ఎవరో తొక్కి వచ్చారు!"

ఇల్లంతా పోగైంది. శ్రీకళ చిన్నమ్మ వెనక నిలబడింది. అభిరామ్ గబగబా వచ్చి లీవర్ మీద చెయ్యి వేశాడు.

"నేనే సరిచేస్తాలే నాన్నా, చిన్న విషయం."

"సాక్ష్యం ముట్టుకోకు!" శ్రీరామమూర్తి కొడుకు చేతి మీద ఒక్కటేశాడు. "నువ్వే చెప్పావుగా ఆ రోజు. సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి దించి, మడమ పెడితే కాలు తిన్నగా ఉండాలని. ఎవరి కాలు తిన్నగా ఉంటే వాళ్లే దొంగ. ఊఁ, వరసగా ఎక్కండి!"

ముందు వెంకటనర్సయ్య ఎక్కాడు. మోకాలు వంగింది, స్పాంజి మూలిగింది. "నేను గాదు," అని సగర్వంగా దిగాడు. బాలలక్ష్మి మడమ పెడల్‌కు జానెడు పైనే గాల్లో ఊగింది.

"శ్రీకళా, నువ్వు రామ్మా," అన్నాడు శ్రీరామమూర్తి.

"మా పిల్ల ఈడ సైకిల్ ముట్టది సార్," అన్నాడు వెంకటనర్సయ్య. "జర మాట్లాడాలంటేనే ఒణుకుతది. అదేం తొక్కుతది?"

శ్రీకళ తల ఊపింది. అభిరామ్ ఆమె వైపు చూసి, చటుక్కున నిమ్మకాయ వైపు చూడసాగాడు.

"ఇక మిగిలింది నేను," అని కోటేశ్వరమ్మ కొంగు బిగించింది. "న్యాయం అందరికీ ఒక్కటే. పట్టుకోండ్రా!"

ఇద్దరు మగాళ్లు చెరో పక్క పట్టుకుంటే ఆవిడ ఎక్కి కూర్చుంది. మడమ పెడల్ మీద పెట్టింది. కాలు తిన్నగా, గీత గీసినట్టు నిలిచింది.

శ్రీరామమూర్తి వంగి మరోసారి చూశాడు.

"నేనేనా?" అంది కోటేశ్వరమ్మ సైకిల్ మీదే కూర్చుని.

"నీ చీర అంచు తడిసిందేంటమ్మా?"

"మేడ మీద బట్టలు తీశాను కదరా!"

"తీసినట్టు గుర్తుందా?"

"ఉంది."

"నిద్రలో తిరిగేవాళ్లకు అలాగే అనిపిస్తుందమ్మా." శ్రీరామమూర్తి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

కోటేశ్వరమ్మ ఆలోచనలో పడింది. "పొద్దున లేస్తే మోకాళ్లు నొప్పులు... అందుకేనా? ఒరే అభీ, నా చీర ఇరుక్కోకూడదనే కదూ వెనక జాలీ పెట్టించావు? నీకు తెలిసే ఉంటుంది. చెప్పు, ఎల్‌బీ నగర్ దాకా వెళ్లానా?"

"నానమ్మా, అది నీ కోసం కాదు..." అని అభిరామ్ ఆగిపోయాడు.

"సైకిల్ ఇవాళే అమ్మేస్తున్నా," అన్నాడు శ్రీరామమూర్తి. "రేపు డాక్టరు. ఇవాళ్టి నుంచి రాత్రుళ్లు అమ్మ గదికి బయట గొళ్లెం."

కోటేశ్వరమ్మ మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది. "నాకు గొళ్లెం పెడతావురా, మూర్తీ?"

శ్రీకళ చిన్నాయన వైపు చూసి, ఆవిడ వైపు చూసింది. చెబితే ఊరు, బందైన చదువు. చెప్పకపోతే ఈ పెద్దావిడకు గొళ్లెం.

"నేనే," అంది.

ఎవరికీ వినపడలేదు. ముందుకు వెళ్లి బెల్లు కొట్టింది. అందరూ తిరిగారు.

"నేనే తొక్కిన. మామ్మగారు గాదు."

"ఏందే, మతి పోయిందా?" అన్నాడు వెంకటనర్సయ్య.

"నా మీద నింద పడకుండా నీ మీద వేసుకుంటున్నావా తల్లీ!" కోటేశ్వరమ్మ కళ్లొత్తుకుంది.

నిజం చెప్పినా నమ్మకపోతే ఇంకేం చెయ్యాలి? శ్రీకళ ఆవిడను దింపింది. చున్నీ నడుముకు కట్టుకుంది. సైకిలెక్కి గేటు దాటింది. నీటి గుంటను తప్పించి, ఇడ్లీ బండి దగ్గర ఒంటి చేత్తో మలుపు తిప్పి, బెల్లు కొడుతూ తిరిగొచ్చింది. దిగీ దిగగానే అలవాటు కొద్దీ లీవర్ వదులు చేసి, సీటు ఎత్తి, బిగించింది.

అభిరామ్ నాన్న వంగి చూశాడు. "సరిగ్గా మావాడి ఎత్తు! ఇంత కరెక్టుగా ఎలా పెట్టావు?"

"ఒక జానా, రెండు వేళ్లు. ఆయన కొలత నాకు ఎరుకే కదా, రోజూ..." శ్రీకళ నాలుక కరుచుకుంది.

బాలలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటనర్సయ్య మీసం కదిలింది. "లోపలికి నడువ్. బట్టలు సదురుకో. యాచారం బస్సెక్కిస్త."

"ఆగవయ్యా నర్సయ్యా," అంది కోటేశ్వరమ్మ. ఆవిడ గొంతులో ఊరట ఉంది, తను కాకపోయిందే అన్న చిన్న దిగులూ ఉంది. "అభీ, జాలీ నా కోసం కాదన్నావు. మరెవరి కోసం?"

అభిరామ్ సైకిల్ వైపు తిరిగి చెప్పాడు. "టైర్లకు రోజూ కొత్త మట్టి కనిపిస్తుంటే, దొంగను పట్టుకుందామని ఒక రోజు పొద్దున్నే లేచాను నానమ్మా. మేడ మీంచి చూశాను. చున్నీ చక్రంలో పడుతుందేమోనని భయమేసింది. మర్నాడే జాలీ పెట్టించాను. ఆ బెల్లు కూడా... ఆవిడ అడిగిందనే."

అందరూ శ్రీకళ చున్నీ వైపు చూశారు. తర్వాత జాలీ వైపు చూశారు. స్టైల్ అంటే ఏంటో అప్పుడు అర్థమైంది శ్రీకళకు. తను రోజూ దొంగతనంగా తొక్కుతున్నాననుకున్న సైకిల్‌ను అతను రోజూ తన కోసమే సిద్ధం చేసి పెడుతున్నాడు.

"మరి నన్ను పట్టియ్యలేదేం?" అంది నేల చూస్తూ.

"పట్టిస్తే మానేస్తారు కదా."

కోటేశ్వరమ్మ చేతులు దులుపుకుంది. "నర్సయ్యా, నా కాలు ఆ సీటుకు సరిపోయింది, అందరూ చూశారు. నేను సైకిల్ నేర్చుకుంటాను. ఈ పిల్లే నేర్పాలి. నాకు వచ్చేదాకా దీన్ని ఎక్కడికీ పంపడానికి వీల్లేదు. నాకు ఏదీ తొందరగా రాదు, ముందే చెబుతున్నా."

"అమ్మా, ఈ వయసులో..." అన్నాడు కొడుకు.

"నువ్వు గొళ్లేలు పెట్టుకో, పో!"

వెంకటనర్సయ్య తల గోక్కున్నాడు. "పెద్దమ్మ నేర్చుకుంటనంటుంటే నేనేమంట? సదువు మాత్రం ఆగొద్దు బిడ్డా," అని లోపలికి నడిచాడు, నవ్వు కనపడకుండా.

"ఇడ్లీలు ఎవరూ తేలేదు," అని గుర్తు చేసింది బాలలక్ష్మి.

"వీళ్లిద్దరూ తెస్తారు," అని కోటేశ్వరమ్మ అందర్నీ లోపలికి తోలింది.

వాకిట్లో ఇద్దరే మిగిలారు. అభిరామ్ లీవర్ తిప్పి సీటు దించాడు.

"ఇక దీన్ని ఎత్తను."

"మరి మీరెట్ల తొక్కుతరు?"

"తొక్కను. పక్కన నడుస్తాను."

శ్రీకళకు ఒంట్లోని సిగ్గంతా ఒక్కసారే కాళ్లలోకి దిగింది. "చిన్నమ్మ పిలుస్తుంది," అని గుమ్మం వైపు పరిగెత్తింది.

గుమ్మంలో కోటేశ్వరమ్మ నిలబడి ఉంది.

"ఎవరూ పిలవలేదు," అని ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.