కేరాఫ్ టీడెమాన్

2020 ఏప్రిల్ 14. మంగళవారం. ఉదయం 9:40.

బెర్లిన్‌లోని ఆ పోలీసు ఆఫీసులో గాజు తెర అవతల కూర్చున్న ఎలిసో ఖార్చావా ఒకే మాట మూడోసారి చెప్పింది.

"ఆ అప్లికేషన్ నేను పెట్టలేదు మేడమ్."

తెర ఇవతల ఇన్‌స్పెక్టర్ గుడ్రున్ పోల్. ఆర్థిక నేరాల విభాగం. ఇరవై రెండేళ్ల సర్వీసు. మాస్కు చాటున ఆవలించడం ఈ నెలలోనే నేర్చుకుంది.

"పేరు మీదే. పన్ను నంబరు మీదే. పాస్‌పోర్టు నంబరు కూడా మీదే. మార్చి 28 మధ్యాహ్నం 3:12కి ఒక అప్లికేషన్. ఐదు వేల యూరోలు ఇచ్చేశారు. ఏప్రిల్ 1 సాయంత్రం 6:05కి ఇంకోటి. రెండోది మాత్రమే మీదంటారు."

"రెండోదే నాది. రెండు రోజులు ఆన్‌లైన్ క్యూలో ఉన్నా. నా ముందు లక్ష మంది. ల్యాప్‌టాప్ పక్కనే పడుకున్నా. తీరా పంపిస్తే 'మీకు ఇచ్చేశాం కదా' అని జవాబు!"

"మార్చి 28నే ఎందుకు పెట్టలేదు?"

"అసలు పెట్టకూడదనే అనుకున్నా. సర్కారు సాయం తీసుకుంటే వీసా పొడిగించరని భయం. అందరితోనూ అదే అన్నా. ఇది వేరే సాయం, వీసాకి అడ్డు కాదని తర్వాత తెలిసింది."

ఎలిసోకి ముప్పై నాలుగేళ్లు. జార్జియా నుంచి వచ్చింది. కిండర్‌గార్టెన్లలో బొమ్మలాట ఆడించి బతుకుతుంది. మార్చిలో బడులన్నీ మూసేశారు. పదకొండు ఆటలు ఒక్క వారంలో రద్దు. అప్పుడే ఫ్రీలాన్సర్లకి అత్యవసర సాయం ప్రకటించారు. ఇక్కడ పన్ను కట్టేవాళ్లయితే చాలు, పరాయి దేశస్థులైనా ఇస్తారు.

ఇంట్లో దొంగ పడితే తాళం విరుగుతుంది. పేరు దొంగిలిస్తే ఏం విరుగుతుంది? పాడు, ఏమీ విరగదు. పోయిందని చెప్పినా నమ్మేవాడుండడు!

"ఆ డబ్బు పడిన ఖాతా ఎవరిదో కనుక్కోండి మేడమ్."

"అడిగాం. కరోనా కదా, మూడు వారాలంటున్నారు."

"నా వీసా శుక్రవారంతో అయిపోతుంది! మోసం కేసు ఉంటే పొడిగించరు. ఎనిమిదేళ్లు ఇక్కడ బతికాను. మూడు రోజుల్లో బొమ్మల్ని పెట్టెలో సర్దుకుని ఎక్కడికి పొమ్మంటారు?"

ఎలిసో ఏడ్చేసింది. కాగితాలు తుడుచుకోవడానికో, కళ్లు తుడుచుకోవడానికో తెలియనట్టు చేతిరుమాలు అటూ ఇటూ తిప్పింది. కాగితాలన్నీ ఒక మందపాటి గోధుమరంగు కవరులో తెచ్చుకుంది.

పోల్ ఆ కవరు వైపు చూసింది. "ఎవరు పంపారిది?"

"రుసుదన్ అక్క. మా దేశమే. వయొలిన్ వాయిస్తుంది. నా దగ్గర తిండికి కూడా లేదని పోయినవారం ఈ కవర్లోనే వాల్‌నట్లు పంపింది."

పోల్ కవరు మీద చేతిరాతని ఒకసారి చదివి వెనక్కిచ్చేసింది.

"మీ కాగితాలు ఎవరెవరి చేతిలో పడ్డాయి?"

"మా ఇంటావిడ ఫ్రౌ టీడెమాన్. ఆవిడ అద్దెకున్న ఫ్లాట్‌లోనే నాకో గది. టాక్స్ కన్సల్టెంట్ ఫాస్. ఇంకా... రుసుదన్ అక్క. పోయినేడు అక్టోబరు, నవంబరు నా గదిలోనే ఉంది. కానీ తన పేరు రాసుకోకండి. తను నా సొంత అక్క లెక్క."

"రాసుకోను," అంది పోల్. "రెండింటికి మీ ఇంటికి రమ్మనండి. ముగ్గుర్నీ."

మధ్యాహ్నం 2:00.

41వ నంబరు బిల్డింగు. వెనక వాకిట్లో చెత్తడబ్బాల పక్కన నాలుగు కుర్చీలు, ఒక్కోటి మీటరున్నర ఎడంగా. గోడకి ఇరవై రెండు పోస్టు డబ్బాలు.

ఫ్రౌ టీడెమాన్‌కి డెబ్భై మూడేళ్లు. కూర్చుంటూనే అందుకుంది.

"ఇదిగో ఇన్‌స్పెక్టరమ్మా, నన్నే దొంగ అంటావా? నాకు కంప్యూటరే లేదు. టీవీ రిమోటుతోనే వేగలేక చస్తున్నా!"

"మీ కూతురికైనా ఉండే ఉంటుందిగా?"

"దానికి పోస్టుకార్డు రాయడానికే బద్ధకం. ఎనిమిది పేజీల ఫారం నింపుతుందా!"

ఫాస్ గొంతు సవరించుకున్నాడు. "నాకు మూడొందల మంది క్లయింట్లు. ఒక్కరి పేరుతో మోసం చేసి లైసెన్సు పోగొట్టుకుంటానా?"

మూడో మనిషి రుసుదన్. నలభై ఒకటో నలభై రెండో ఉంటాయి. ఎలిసో వెనకే నిలబడి, మీటరున్నర నియమం మరిచిపోయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడవకే పిల్లా. అన్నీ సర్దుకుంటాయి."

పోల్ ఒక కాగితం తీసింది.

"మార్చి 28 అప్లికేషన్‌లో అడ్రసు వినండి. ఎలిసో ఖార్చావా, కేరాఫ్ టీడెమాన్, నంబరు 41. ఏప్రిల్ 1 నాటి దాంట్లో? ఎలిసో ఖార్చావా, నంబరు 41. అంతే. కేరాఫ్ లేదు."

"చూశారా, నా పేరు వాడుకున్నాడు వెధవ!" అంది టీడెమాన్.

"ఫ్రౌ టీడెమాన్, ఈ డబ్బా మీద ఎలిసో పేరు ఎప్పుడు అంటించారు?"

"జనవరి 6. గది అద్దెకి ఇచ్చుకోవచ్చని బిల్డింగు ఓనరు ఉత్తరం వచ్చిన రోజే. నేనే అంటించా. ముందే అంటిస్తే వాడు నన్నే మెడబట్టి గెంటేవాడు."

"అందాకా?"

"అందాకా దీని ఉత్తరాలన్నీ నా పేరు మీదే వచ్చేవి. ఈ ఊళ్లో ఫ్లాటుకి నంబరెక్కడిది? డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మన్ వెనక్కి పట్టుకుపోతాడు."

"ఫాస్ గారూ, మీరు?"

"జనవరి 9న అడ్రసు మార్చమని మెయిల్ వచ్చింది. ఆ రోజే మార్చేశా. ఫిబ్రవరిలో పంపిన ఉత్తరంలో కేరాఫ్ లేదు. చూసుకోండి."

చూసింది. లేదు.

"పేరు అంటించిన ఆవిడ కేరాఫ్ రాయదు. అడ్రసు మార్చిన ఆయన రాయడు. ఎలిసో అసలు రాయదు. తన పేరు డబ్బా మీదకి ఎక్కాక ఎవరైనా మళ్లీ ఇంకొకరి పేరు తగిలించుకుంటారా? అలా రాసిన మనిషికి పాత కాగితాలు తెలుసు. జనవరి తర్వాత ఈ గుమ్మం తొక్కలేదు. ఎలిసో, ఆ కవరు ఇలా ఇవ్వండి."

ఎలిసో కవరు తిప్పి చూసుకుంది. వారం రోజులుగా చేతిలోనే ఉంది. ఒక్కసారీ చదవలేదు.

*ఎలిసో ఖార్చావాకి. కేరాఫ్ టీడెమాన్.*

ఆమె భుజం మీంచి చెయ్యి మెల్లగా జారిపోయింది.

"అక్కా?"

"నువ్వు పెట్టనన్నావే!" రుసుదన్ ఒక్కసారిగా అరిచింది. "వీసా భయం, నేను పెట్టను అన్నావు. వృథాగా పోయేదే కదా, ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నా. నువ్వు మనసు మార్చుకుంటావని నాకేం తెలుసు? అమ్మ వైపు నుంచి గ్రీకు పాస్‌పోర్టు వచ్చింది నాకు, యూరప్‌లో వీసా బెడద లేదు. ఏం లాభం? ఆరేళ్లలో ఒక్కరూ నా పేరు డబ్బా మీద పెట్టనివ్వలేదు. అడ్రసు లేదని రిజిస్ట్రేషన్ లేదు. రిజిస్ట్రేషన్ లేదని పన్ను నంబరు లేదు. పన్ను నంబరు లేనిదానికి సాయమేంటి, అసలు నేను మనిషినే కాదు!"

"చెప్పొచ్చుగా! నేను పోలీసుల దగ్గర ఏడుస్తుంటే చెప్పొచ్చుగా! నా పేరు అమ్ముకుతిని, నాకే వాల్‌నట్లు పంపావా? సిగ్గు లేదూ?"

"ఉంది. అందుకే పంపా. సగం డబ్బు అలాగే ఉందే. ముట్టుకోలేకపోయా."

పై అంతస్తులో ఎవరో కిటికీ మూసుకున్నారు.

పోల్ డైరీ తెరిచింది. టైము 2:35.

"ఎలిసో, మీరు బాధితురాలని ఈ సాయంత్రమే వీసా ఆఫీసుకి రాస్తాను. శుక్రవారం లోపల అందుతుంది. మీ అప్లికేషన్ మళ్లీ చూస్తారు." తర్వాత రుసుదన్ వైపు తిరిగింది. "మీకు కోర్టు సమన్లు వస్తాయి. ఏ అడ్రసుకి పంపాలి?"

రుసుదన్ తల అడ్డంగా ఊపింది.

"స్థిరమైన అడ్రసు లేకపోతే పారిపోతారని లెక్క. ఇప్పుడే తీసుకెళ్లాలి. రూలు అది. నేనేం చెయ్యలేను."

రుసుదన్ రెండు చేతులూ ముందుకు చాపింది. వయొలిన్ వాయించే చేతులు.

ఎలిసో లేచి గేటు దాకా వెళ్లింది. ఈమె మొహం మళ్లీ చూడకూడదనుకుంది. గేటు పిడి పట్టుకుని అలాగే నిలబడింది. పక్కనే పోస్టు డబ్బా. టీడెమాన్ పేరు కింద తన పేరు.

"ఏయ్ పిల్లా, మూడో పేరంటే ఓనరు ఊరుకోడు, ముందే చెప్తున్నా!" అంది టీడెమాన్ వెనక నుంచి.

"డబ్బా మీద పెట్టక్కర్లేదు," అంది ఎలిసో. వెనక్కి తిరగలేదు. "రాసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. రుసుదన్ పాపాస్కిరి. నంబరు 41."

గేటు పిడి వదిలేసింది.

"కేరాఫ్ ఖార్చావా."